మెల్తిని తలుపు

రాయి బండి మీద ఊళ్ళోకి వస్తుంటే ఆఫియా వాకిట్లో నిలబడి చూసింది. ఇరుసు కీచుమంటోంది, ఎడ్ల ముక్కుల్లోంచి పొగలు వస్తున్నాయి, గడ్డి మీద పడుకోబెట్టిన తెల్లరాయి కుదుపు కుదుపుకీ కదులుతోంది. వాళ్ళమ్మ మెల్తిని పోయి నలభై రోజులైంది. ఆ నలభై రోజులూ ఆఫియా పొరుగూళ్ళోని అత్తింటికి పోకుండా ఏడో నెల కడుపుతో పుట్టింట్లోనే ఉండిపోయింది. అమ్మకి తలుపు నిలబెట్టాకే వెళ్తానని మొగుడికి కబురంపింది.

రోమ్ ఏలుబడిలోని ఫ్రిజియాలో మా వైపు పోయినవాళ్ళ తల దగ్గర రాతి తలుపు నిలబెడతారు. ఇంటి తలుపుకి ఉన్నట్టే దానికీ రెక్కలు, గడియ, తాళంకప్ప అన్నీ చెక్కుతారు. మొగుడూ పెళ్ళాలకి కలిపి ఒకే తలుపు, ఎడమ రెక్క మగవాడిది, కుడి రెక్క ఆడదానిది. ఎవరి రెక్క మీద వాళ్ళు బతికినన్నాళ్ళూ చేతపట్టిన పనిముట్టు ఉంటుంది. పైన పేర్లు, మంచిమాటలు రాస్తారనుకోండి, కానీ మా ఊళ్ళో చదవడం వచ్చినవాళ్ళు ముగ్గురే. దారిన పోయేవాడికి అసలు సంగతి చెప్పేది ఆ పనిముట్లే. సుత్తి ఉంటే కమ్మరి, కర్ర ఉంటే గొర్రెలకాపరి.

బండి ఊరి చివర బాట పక్కన, మెల్తిని సమాధి దగ్గర ఆగింది. నలుగురు మనుషులు పలకల మీదుగా రాయిని కిందికి జార్చారు. ఆఫియా వెనకే వచ్చి, వంగి గడ్డి తప్పించి చూసింది. ఎడమ రెక్క మీద ద్రాక్షతీగలు కత్తిరించే వంకీ కత్తి. కుడి రెక్క మీద కదురు, పక్కన ఉన్ని దువ్వెన.

అరికాలి మంట నెత్తికెక్కింది ఆమెకి.

"మేస్త్రీ, ఎవరి తలుపిది?"

రాతిపని జోతికోస్ చేతులకున్న దుమ్ము దులుపుకుంటున్నాడు. "ఎవరిదేంటమ్మాయ్, మీ అమ్మదే. ఇదిగో, చదువుతా విను. 'మనేస్, తన ముద్దుల భార్య మెల్తినికి, బతికుండగానే తనకూ, కొడుకు త్రోఫిమోస్‌తో, కూతురు ఆఫియాతో కలిసి. గడప దాటనిది, మొగుడంటే ప్రాణమైనది, ఉన్ని వడికినది.' అక్షరాలు ఎంత కుదురుగా వచ్చాయో చూడు."

"గడప దాటనిదా? మా అమ్మా?"

"ఆడవాళ్ళందరికీ అదే రాస్తామమ్మా. వినడానికి బావుంటుందని."

చచ్చినవాడి కళ్ళు చారెడంటారు. చారెడని చెప్పుకుంటే చెప్పుకున్నారు, ఎవరి కళ్ళు వాళ్ళకి ఉంచాలి కదా. ఈయన మెల్తిని మొహం మీద ఇంకెవరివో కళ్ళు పెట్టాడు.

"మా అమ్మ కదురు పట్టుకోగా నువ్వెప్పుడైనా చూశావా?"

"నేను చూడ్డమేంటి? ఆడవాళ్ళ రెక్కకి కదురు, మగాళ్ళ రెక్కకి కత్తి. మంచు పడి పని లేనప్పుడు ఇరవై తలుపులు చెక్కి పెట్టుకుంటా. ఎవరన్నా పోతే పేరు చెక్కి ఇస్తా. చావు ఆగదు గదా, నా ఉలి ఆగితే ఎట్లా?"

"ఇంకా నిలబెట్టలేదుగా. కదురు చెరిపేసి కత్తి పెట్టు."

జోతికోస్ గడ్డం గోక్కున్నాడు. మంచివాడే, కాకపోతే ఒకరితో తగువు పెట్టుకునే రకం కాదు. "మధ్యాహ్నానికి అయిపోద్దిలే. మీ తమ్ముడు సరేనంటే."

ఎందుకింత కోపమో ఆఫియా ఊళ్ళో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. అందరికీ తెలుసు. ముప్ఫై ఏళ్ళ కిందట చక్రవర్తి క్వారీ మనుషులు ఊరి మీద పడి, ఎడ్లనీ మగవాళ్ళనీ రాళ్ళు లాగడానికి తోలుకుపోయారు. రోమ్‌లో ఎవడి వసారాకో స్తంభం కావలసి వచ్చింది. ఆ స్తంభం బండి మీంచి జారి మనేస్ తొడ మీద పడింది. కాలు ఉంది గానీ, లేనట్టే. ఆ ఏడు చలికాలం చివర తీగలు కత్తిరించే రోజులొచ్చేసరికి, మెల్తిని మూడేళ్ళ ఆఫియాని చంకనేసుకుని, మేకుకి వేలాడుతున్న మొగుడి కత్తి తీసుకుని తోటకి పోయింది. మళ్ళీ ఆ కత్తి వదిలిపెట్టింది ఈ చలికాలంలోనే, జ్వరం వచ్చి పడ్డాక.

ఇంట్లో కూర్చున్న మనేస్ ఉన్ని అందుకున్నాడు. ముందు ఊరికే దువ్వాడు, తరవాత వడకడం మొదలుపెట్టాడు. చెయ్యి కుదిరింది. అలాంటి సన్నటి నూలు ఊళ్ళో ఏ ఆడది వడకలేదు. ఆ నూలుతో నేసిన దుప్పట్లు ఊరంతా కప్పుకుంది. "మెల్తిని నూలు" అని పేరు. ఎవరు వడికారో తెలుసు, ఎవరూ పైకి అనరు. తోటలో కాసిన గుత్తులకి మాత్రం "మనేస్ ద్రాక్ష" అని పేరు. ద్రాక్షకోత పండగ నాడు ఊరి పెద్దలు మనేస్‌ని బండిలో కూర్చోబెట్టి తీసుకొచ్చి, తల మీద ఆకుల దండ పెట్టేవాళ్ళు. మెల్తిని వెనకాల ఆడవాళ్ళ గుంపులో నిలబడి, కోతలు పడ్డ వేళ్ళని కొంగులో దాచుకుని చప్పట్లు కొట్టేది. ముప్ఫై ఏళ్ళు ఈ నాటకం ఆడారు, సిగ్గులేని ఊరు.

త్రోఫిమోస్ ఉతికిన దుప్పటి కప్పుకుని, తలకి నూనె రాసుకుని వచ్చాడు. ఈ ఏడు ఉరుముల దేవుడి గుడి పూజారిగా అతన్ని ఎన్నుకున్నారు. నడకలోనే తెలుస్తోంది ఆ సంగతి.

"ఒరేయ్, రాయి మీద ఇదేంటిరా?" అంది ఆఫియా.

"ఏముందక్కా, బావుందిగా."

"నాన్న రెక్క మీద కత్తేంటి? అమ్మ రెక్క మీద కదురేంటి? తిప్పి పెట్టమని చెప్పు. మేస్త్రీ మధ్యాహ్నానికి చేస్తానన్నాడు."

త్రోఫిమోస్ ఆమె మోచెయ్యి పట్టుకుని పక్కకి లాగాడు. "మెల్లిగా మాట్లాడు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుద్దక్కా."

"పడనీ. మన కాళ్ళ మీదే గదా పడేది. ఆవిడ కాళ్ళు చూశావా నువ్వు? మంచులో నిలబడి నిలబడి మడమలు పగిలి, మైనం కాచి పోసుకునేది. గడప దాటందానికి మడమలెందుకు పగుల్తాయిరా?"

"నీకేం, పెళ్ళి చేసుకుని పోయావు. ఇక్కడ నన్నేమనేవాళ్ళో నీకు తెలుసా? కదురోడి కొడుకు. పదకొండేళ్ళప్పుడు కోత పండగలో నా నడుముకి వడికే ఉన్ని చుట్టిన కర్ర కట్టి, ఆడదాని ముసుగేసి, ద్రాక్ష తొక్కే తొట్టి చుట్టూ తిప్పారు. పెద్దాళ్ళు కూడా నవ్వారు. తప్పించుకోబోతే ముక్కు పగలగొట్టారు." ఆ ముక్కు ఇప్పటికీ కొంచెం పక్కకే ఉంది. "రాయి మీదన్నా నాన్నని మగాడిలా ఉండనీ."

ఆ పండగ ఆఫియాకీ గుర్తుంది. నెత్తురు కారుతున్న వాణ్ణి అమ్మ ఎత్తుకుని ఇంటికి తెచ్చింది.

"మరి అమ్మ?" అంది.

"అమ్మ పోయిందిగా. అమ్మకేం తెలుసుద్ది?"

ఆ మాటతో జాలి కాస్తా ఎగిరిపోయింది. "నీకు పాలిచ్చి, వీపుకి కట్టుకుని తీగలు కోసిందిరా! నువ్వు నేర్చుకున్న మొదటి మాట 'కత్తి'రా, సన్నాసీ! పోయింది గాబట్టి ఏం చెక్కినా ఊరుకుంటదా? అమ్మ ఊరుకుంటదేమో, నేనూరుకోను. మేస్త్రీ, ఉలి తియ్యి!"

జోతికోస్ ఇద్దరి మొహాలూ చూసి, బండి చక్రం చూడ్డం మొదలుపెట్టాడు. త్రోఫిమోస్ మాత్రం చేతులు కట్టుకుని నిలబడలేదు. నలుగురు మనుషులకీ సైగ చేశాడు. రాయి లేచింది, ముందుగా తవ్విన గాడిలో కూర్చుంది. ఆఫియా అరుస్తూ వెళ్ళేలోపు అతను కూజా ఎత్తి రాతి తల మీద ద్రాక్షసారా పోసేశాడు. ఎర్రటి ధారలు కత్తి మీదుగా, కదురు మీదుగా కిందికి కారాయి.

మా వైపు సారా పోశాక ఇంక ఆ తలుపు దేవతలది. జోతికోస్ ఇష్టం లేకపోయినా గొంతు సవరించుకుని, రాతి అడుగున ఉన్న ఆఖరి వరసలు అందరికీ వినబడేలా చదివాడు. చదవాలి, అది ఆచారం.

"ఈ తలుపు మీద ఎవరు చెయ్యి చేసుకుంటారో, వాళ్ళ పిల్లలు తల్లి లేనివాళ్ళవుదురు గాక. వాళ్ళ ఇల్లు పాడుబడు గాక. వాళ్ళ పడక ఒంటిదవు గాక."

చుట్టూ ఉన్నవాళ్ళు నేల తాకి వేళ్ళు పెదాలకి ఆనించుకున్నారు. ఆఫియా చెయ్యి తనకి తెలియకుండానే కడుపు మీదికి పోయింది.

ఆమె విసురుగా ఇంటికి నడిచింది. తలుపు మూసి ఉంది. ముప్ఫై ఏళ్ళుగా ఆ తలుపు పగలంతా మూసే ఉంటుంది, ఎందుకంటే లోపల మనేస్ వడుకుతుంటాడు. కాలు నొప్పని చెప్పి రాయి దగ్గరికి కూడా రాలేదు. ఆఫియా తలుపు తోసి, మూయకుండా బార్లా వదిలేసింది. వెలుతురు పడగానే ముసలాయన చేతిలో తిరుగుతున్న కదురు ఆగింది.

"తలుపెయ్యమ్మా."

"వెయ్యను."

"ఎవరన్నా చూస్తారు."

"చూడనీ! చూడాలనే తీశా! నీకు తెలుసు గదూ, రాయి మీద ఏం చెక్కారో?"

మనేస్ తల దించుకున్నాడు. "త్రోఫిమోస్ అడిగాడు. సరేనన్నా."

"సరేనన్నావా! ముప్ఫై ఏళ్ళు ఆవిడ పని నీ పేరు మీద చెల్లింది. దండ నీ తల మీద పెట్టారు. పోనీలే, కుంటోడయ్యాడు, బాధపడతాడని ఆవిడ నోరు మూసుకుంది, నాకూ మూయించింది. ఇప్పుడు ఆ ఒక్క రాయి కూడా నీకే కావాల్సొచ్చిందా నాన్నా? అమ్మకి ఈ భూమ్మీద ఇంకేం మిగిల్చావ్?"

ఆయన తలెత్తకుండా ఆగిన కదురుకి పోగు చుట్టుకున్నాడు. తిడితే బావుండేది. అది చూస్తే ఆఫియాకి ఇంకా మండింది. ఈ ఏడు తోటలో తీగలు ఇంకా కత్తిరించలేదు. కత్తిరించేది నిజంగా నాన్నే అయితే ఈపాటికి అయిపోయేది. ఊరంతా ఆ తోట పక్కనుంచి పోతోంది, "మనేస్‌కి ఒంట్లో బాలేదంట" అనుకుంటోంది. మొన్న ఆమే కడుపు పట్టుకుని రెండు వరసలు కోసి వచ్చింది. తీగకి రెండు కణుపులు వదిలి మూడో కణుపు పైన ఏటవాలుగా కొయ్యాలి, అమ్మ నేర్పింది. వడకడం మాత్రం అమ్మ నేర్పలేదు, అమ్మకి వస్తేగా.

మేకుకి వేలాడుతున్న కత్తి ఊడబీకింది. చెక్క పిడి అమ్మ అరచేతికి అరిగి, బొటనవేలు ఆనేచోట పల్లం పడి ఉంది. అది పట్టుకుని తిరిగి బయటికి నడిచింది.

సమాధి దగ్గర ఇంకా జనం ఉన్నారు. రొట్టెలు, పెరుగు గడ్డలు పంచుతున్నారు, మిగిలిన సారా తాగుతున్నారు. ఆఫియా కత్తి నడుముకి దోపుకుని, జోతికోస్ సంచిలోంచి ఉలీ సుత్తీ తీసుకుని రాతి ముందు నిలబడింది.

"వద్దమ్మాయ్," అన్నాడు జోతికోస్. "ఒట్టి మనిషివి కాదు. ఆ శాపం చెక్కింది నేనే. అది తగలకుండా పోదు."

"అక్కా, నీ కాళ్ళు పట్టుకుంటా." త్రోఫిమోస్ మొహంలో నెత్తురు చుక్క లేదు. వాడికి పరువు గుర్తులేదిప్పుడు, నిజంగానే భయపడుతున్నాడు.

ఉలి మొన కదురుకి వేలెడు దూరంలో ఉంది. తల్లి లేనివాళ్ళవుదురు గాక. కడుపులో బిడ్డ తన్నింది. ఆఫియా సుత్తి ఎత్తింది, చెయ్యి దిగలేదు. మళ్ళీ ఎత్తింది, దిగలేదు. తమ్ముడి మీద, మేస్త్రీ మీద, ఊరి మీద ఉన్న కోపం కన్నా ఆ చెయ్యి మీద ఎక్కువ కోపం వచ్చింది. అమ్మ కడుపుతో ఉండి కూడా మంచులో తీగలు కోసింది. నేను రాయి ముందు వణుకుతున్నాను. ఏడుపు తన్నుకొచ్చింది, ఉలి మాత్రం కింద పెట్టలేదు.

అప్పుడు వెనకాల ఎవరో కిసుక్కుమన్నారు. తిరిగి చూసింది.

మనేస్ వస్తున్నాడు. బాట మధ్యలో, పట్టపగలు, చేతికర్ర మీద ఊగుతూ వస్తున్నాడు. నడుముకి ఉన్ని చుట్టిన కర్ర దోపుకున్నాడు. దాని పక్కన దారంతో కదురు వేలాడుతోంది. ఆయన ఆ వేషంలో గడప దాటడం ఊళ్ళో ఎవరూ చూడలేదు.

ముసలాయన నవ్వినవాడి దగ్గర ఆగాడు. "నవ్వరా. బాగా నవ్వు. నీ ఒంటి మీద దుప్పటుందే, ఆ నూలు నేను వడికిందే. ముందు అది విప్పి అక్కడ పెట్టి, అప్పుడు నవ్వు."

వాడి నవ్వు ఆగిపోయింది. చలి గట్టిగానే ఉంది, దుప్పటి ఎవరూ విప్పలేదు.

"నాన్నా, ఇంటికి పద," అన్నాడు త్రోఫిమోస్ లోగొంతుకతో.

"నీ నడుముకి ఈ కర్ర కట్టి తిప్పిన రోజు నాకు ఇంట్లోకి వినబడిందిరా. ఆ రోజు తలుపు తీసుకుని బయటికి రావాల్సినవాణ్ణి. కర్ర కట్టాల్సింది నాకు, వాడికి కాదు అనాల్సినవాణ్ణి. రాలేదు. ఆ తప్పు నాది. మీ అమ్మ రెక్క మీద రాయకు దాన్ని." ఆయన మేస్త్రీ వైపు తిరిగాడు. "జోతికోస్, ఆ కింద వరసలు మళ్ళీ చదువు. ఒక్కోటీ ఆగి చదువు."

జోతికోస్ రాతి దగ్గరికి వంగాడు. "ఈ తలుపు మీద ఎవరు చెయ్యి చేసుకుంటారో, వాళ్ళ పిల్లలు తల్లి లేనివాళ్ళవుదురు గాక."

మనేస్ కొడుకునీ కూతుర్నీ కర్రతో చూపించాడు. "వీళ్ళకి తల్లుందా?"

జనం కొత్త సమాధి మట్టి వైపు చూశారు.

"ఊఁ. తరవాత."

"వాళ్ళ ఇల్లు పాడుబడు గాక."

"నలభై రోజుల్నించి పొయ్యి దగ్గర పిల్లి పడుకుంటోంది. తరవాత."

"వాళ్ళ పడక... ఒంటిదవు గాక."

ఈసారి మనేస్ అరిచాడు, ఆ మనిషికి అంత గొంతు ఉందని ఆఫియాకి అప్పటిదాకా తెలియదు. "తగిలింది గదరా! చెయ్యి చేసుకోకముందే మూడూ తగిలాయి గదా! ఇంకేం శాపం పెడతారు నాకు? ఇంకేం మిగిలింది పెట్టడానికి? ఇటియ్యి ఆ ఉలి!"

ఆఫియా చేతిలోంచి ఉలీ సుత్తీ లాక్కున్నాడు. కర్ర వదిలేసి, రాతికి భుజం ఆనించి, బాగున్న కాలి మీద నిలబడ్డాడు. మొదటి దెబ్బకి కదురు తల ఎగిరిపోయింది. జనంలో ఒక ముసలామె మొహం కప్పుకుంది. రెండో దెబ్బ, మూడో దెబ్బ. ముప్ఫై ఏళ్ళు నూలు పోగు తెగకుండా లాగిన చేతులు, రాతి మీద కూడా వణకలేదు. ఎర్రగా తడిసిన రాతి పలుకులు ఆయన పాదాల మీద రాలాయి.

త్రోఫిమోస్ చూడలేక బాట వైపు తిరిగి నిలబడ్డాడు. వెళ్ళిపోలేదు, అలాగని దగ్గరికీ రాలేదు.

"ఎడమ రెక్క మీద కత్తి కూడా తీసెయ్యాలి," అన్నాడు మనేస్ ఆయాసపడుతూ. "అక్కడ కదురు పెట్టాలి. నాది. ఉన్ని వడికినవాడు అని రాయి, జోతికోస్. మంచి మాటే గదా."

"మగాడికి అట్లా ఎవరూ..." అని మొదలుపెట్టిన జోతికోస్ ఆయన మొహం చూసి, "రాస్తాలే," అన్నాడు. మళ్ళీ, "ఒంటిది కాకూడని పడక నాకూ ఇంట్లో ఉంది మరి. ముందు నువ్వు ఉలి పెట్టి లోతుగా గీసిన చోటే నేను చెక్కుతా," అన్నాడు.

కుడి రెక్క చదునైంది. మనేస్ ఉలి మొనతో కొత్తగా ఒక గీత గీశాడు. పిడిలాంటిది వచ్చింది. దాని పైన ఒక వంపు గీశాడు.

"అది కాదు!" ఆఫియా అరిచింది. "అది గడ్డి కోసే కొడవలి. అమ్మ కత్తి అట్లా ఉంటదా?"

ఆయన చెరిపి మళ్ళీ గీశాడు. ఈసారి వంపు అటు తిరగాల్సింది ఇటు తిరిగింది.

"ముప్ఫై ఏళ్ళు నీ నెత్తి మీద మేకుకే వేలాడింది నాన్నా! రోజూ పొద్దున్నే తీసుకునేది, రోజూ సాయంత్రం తెచ్చి తగిలించేది. ఎటు వంగుద్దో ఒక్కసారన్నా చూళ్ళేదా?"

"తలెత్తితే గదా," అన్నాడు మనేస్.

ఆఫియా కోపం తగ్గలేదు. ఆ ఒక్క మాటకి తగ్గేది కాదది. చీదేసి ముక్కు తుడుచుకుని, అమ్మ కత్తిని తీసి చదును చేసిన రాతి మీద అడ్డంగా ఆనించి పట్టుకుంది.

"వేలు తగలనీకు," అన్నాడు మనేస్ కంగారుగా. "రాతికి నీ వేలు తగలనీకు తల్లీ. పిడి మాత్రం పట్టుకో."

"నాకు తెలుసు. నువ్వు గియ్యి," అంది ఆఫియా. అమ్మ బొటనవేలు పడ్డ పల్లంలో తన బొటనవేలు పెట్టి గట్టిగా అదిమింది. ముసలాయన కత్తి అంచు వెంబడి ఉలి మొన నడిపించడం మొదలుపెట్టాడు.